హంబర్ పాలైన రెండు పౌండ్లు

ఈ లెక్కకి నోరు అక్కర్లేదు.
మీకేది ఇష్టమని ఎవర్నీ అడగం.
అడిగితే జనం ఆకుకూరలంటారు,
సాయంత్రం సంచిలోంచి కేకు తీస్తారు.
మాట నీటిమూట. బిల్లు అలా కాదు,
తారీఖు వేసుకుని, ధర రాసుకుని మరీ వస్తుంది.

సూత్రం చిన్నదే.
రెండు బుట్టలూ నీ జేబుకి అందుతున్నప్పుడు
ఒకటి ఎత్తుకున్నావంటే
రెండోది నీకు అంతకంటే ఎక్కువేం కాదు.
ఇంకోరోజు, ఆ మొదటిది ఇంకా అందుబాటులో ఉండగా,
దాన్ని వదిలి రెండోదాని మీద చెయ్యి వెయ్యకూడదు.
అంతే. నువ్వెవరివైనా సరే,
ఆ ఒక్క మాట మీద నిలబడితే చాలు,
నీ కోరికలన్నిటికీ ఒక కొండ గీసిస్తాను,
ఎక్కడా గుంట లేకుండా.

హల్ నగరంలో, రేవు పక్క పాత గిడ్డంగి మూడో అంతస్తు,
కిటికీకి ఉప్పు పట్టిన గది నాది.
ఆరువందల ఇళ్ళ బిల్లులు. పేర్లుండవు.
నాలుగువందల పదిహేడో ఇంటి దగ్గర
యంత్రం ఎర్రబడి ఆగింది.

గురువారం: పొగబెట్టిన చేప మూడు పౌండ్లు, మార్మలేడ్ రెండు.
కొన్నది మూడు చేపలు, ఒక సీసా.
ఆదివారం: చేప రెండుకి దిగింది, మార్మలేడ్ మూడుకెక్కింది.
కొన్నది ఒక చేప, మూడు సీసాలు.
రెండుసార్లూ పదకొండు పౌండ్లు.
రెండుసార్లూ, వద్దనుకున్న బుట్ట తొమ్మిదికే వచ్చేది.
ఏది పెరిగితే అదే కావాలి వీళ్ళకి!

"పదకొండులో రెండు హంబర్ పాలు," అన్నాడు ఓల్డ్‌రాయిడ్,
నేను నేర్పిన నుడికారంలోంచి గంగని తీసేసి
తన నదిని పెట్టుకుని.
"తెలివి, తొమ్మిది బై పదకొండు. కొట్టెయ్ ఆ వరస."

కొట్టెయ్యబోతుంటే, అనంతపురం హాస్టల్లో
రెండొందల కంచాలకి ఒకే గుండిగ సాంబారు పోస్తూ
శరభయ్య గొణిగే మాట అడ్డమొచ్చింది:
పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి.
మేము ఇంటికి ఒక్క పుర్రే అనుకున్నాం.

బిల్లుల్ని రెండు కుప్పలు చేశాను.
గురువారాలు ఇటు. ఆదివారాలు అటు.
ఇటు కొండ నిలబడింది.
అటూ నిలబడింది.
ఎవరికి వాళ్ళు నూటికి నూరు.
ఒకే ఫ్రిజ్ వాడుకోవడమొక్కటే వాళ్ళ తప్పు.

ముప్ఫై ఒకటో వారం నుంచి ఆదివారాలు లేవు.
పట్టికలో కారణానికి గడి లేదు.
ఊరెళ్ళి ఉండొచ్చు. షిఫ్టు మారి ఉండొచ్చు.
గురువారం మాత్రం వస్తూనే ఉంది
ధర చూసుకుంటూ, చేప తూచుకుంటూ.

నలభయ్యో వారం. చేప రెండే. మార్మలేడ్ మూడు దాటింది.
ఏ గురువారమూ ఒక సీసా మించని ఆ మనిషి
మూడు సీసాలు తీసుకున్నాడో, తీసుకుందో.
చేప లేదు.
యంత్రం మళ్ళీ ఎర్రబడింది.

ఇది ఎవరి నాలుక?
ఏ కుప్పలో వెయ్యను దీన్ని?
ఉన్నవాళ్ళు ఒకరే, రుచులు రెండు,
ఆ రెండో రుచికి బిల్లు కడుతున్నదెవరు?
సూత్రం తలుపు దగ్గరే నిలబడిపోయింది,
చెప్పులు విప్పాలో వద్దో తెలియని చుట్టంలా.

వరస కొట్టెయ్యలేదు.
ఉంచానని ఓల్డ్‌రాయిడ్‌కి చెప్పనూ లేదు.
నాలుగింటికి అతను నా బల్ల మీద కప్పు పెట్టాడు.
ఉద్యోగంలో చేరిన రోజు కాఫీ డబ్బా ఖాళీ,
టీ చాలన్నాను.
మర్నాడే డబ్బా నిండింది, నేనేమీ అనలేదు.
తొమ్మిదేళ్ళుగా నాకు టీ అంటే ప్రాణమని
ఈ గది రుజువు చేసుకుంటూ వస్తోంది
ఒక్క వైరుధ్యమైనా లేకుండా.

తాగాను. చక్కెర ఒక చెంచా ఎక్కువైంది.
కిటికీ అవతల పోటు తీసి
హంబర్ బురద మెల్లగా బయటపడుతోంది.